సుఖరోగాన్ని సాకే ఉపాయాలు

ముందే చెప్పేస్తున్నా, సుఖరోగాన్ని ఒంట్లో నిలుపుకోవడం ఈ రోజుల్లో మునుపటంత తేలిక కాదు. తాతల కాలంలో సవాయి (సిఫిలిస్) తగిలినవాడు పెద్దగా కష్టపడకుండానే దాన్ని కాటి దాకా మోసుకుపోయేవాడు. పాదరసం మందులు తిని పళ్లు ఊడగొట్టుకోవడం ఒక్కటే అతని పని. 1943లో జాన్ మహోనీ అనే అమెరికా డాక్టరు నలుగురు సవాయి రోగులకు పెన్సిలిన్ ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గిపోయింది. మన కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. ఇప్పుడు సర్కారు దవాఖానలో పరీక్ష ఉత్తగనే చేస్తారు, మందు ఉత్తగనే ఇస్తారు, పేరు బయటపెట్టరు. ఇన్ని ఆటంకాలున్నా ప్రపంచంలో రోజుకు పది లక్షలకు పైగా కొత్త సుఖరోగాలు అంటుకుంటున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అదీ మందుతో నయమయ్యే నాలుగు జబ్బులు మాత్రమే కలిపి. నయమయ్యేవాటినే ఇంతమంది కాపాడుకొస్తున్నప్పుడు మీరెందుకు కాపాడుకోలేరు?

పైగా లక్సెట్టిపేటలో ఉన్నవాడికి పుట్టుకతోనే కొన్ని వసతులున్నాయి. ఊరు మరీ పెద్దది కాదు, ఎవరు ఏ దుకాణం ముందు ఎంతసేపు నిలబడ్డారో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఎదుట జాతీయ రహదారి, పక్కన గోదావరి, అటు మంచిర్యాల, ఇటు జగిత్యాల. ఇంటికొకరు గల్ఫులోనో, బొగ్గు బావిలోనో, లారీ మీదనో ఉంటారు. జబ్బు రావడానికి దారులు కావలసినన్ని, చెప్పుకోవడానికి మాత్రం ఒక్కటీ లేదు. ఈ సదుపాయాన్ని వృథా చేసుకోకుండా కింది చిట్కాలు పాటించండి.

1. జబ్బు అనకండి, వేడి అనండి

ఒంటికి పోతే మంటగా ఉందా? వేడి చేసింది. చీము కారుతోందా? వేడి బాగా చేసింది. మన వైపు ఎండలు రాష్ట్రంలోనే ముందు వరుసలో ఉంటాయి కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా ఈ మాటను ఎవరూ అనుమానించరు. వానకాలంలో కోడికూర మీద పెట్టండి. చలికాలంలో బాయి పని మీద పెట్టండి, భూమి లోపల వేడి ఏడాదంతా ఉంటుంది. వైద్యం కూడా చేతిలోనే ఉంది: సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, పొద్దున్నే ఈతకల్లు. మూడోది మోతాదు దాటినా నష్టం లేదు, ఎందుకు తాగారో చెప్పే అవసరమే రాదు.

ఈ చిట్కా అన్నిటికంటే బాగా పనిచేసేది సవాయికి. దాని మొదటి పుండు నొప్పి పెట్టదు. అంటిన మూడు వారాలకో, ఇంకొంచెం ముందో వెనకో కనిపిస్తుంది, మందేమీ వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే మానిపోతుంది. ఆ వారాల్లో మీరు ఏం తాగితే దానికే ఘనత కట్టండి. తర్వాత కొన్ని వారాలకో నెలలకో అరిచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు లేస్తాయి. సిమెంటు పడలేదని చెప్పండి, పత్తి మందు కొట్టేటప్పుడు చేతులు కడుక్కోలేదని చెప్పండి. అవీ పోతాయి. జబ్బు ఇక ఏళ్ల తరబడి చప్పుడు చేయదు. రక్తపరీక్షలో తప్ప ఎక్కడా కనిపించదు. మీరు పరీక్షకు పోరు కాబట్టి అసలు కనిపించదు. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో గుండె పెద్దనాళం మీదో, మెదడు మీదో అది మళ్లీ తలెత్తినప్పుడు ఈ పాత పుండు గుర్తున్నవాళ్లు ఎవరూ ఉండరు. కంటినీ చెవినీ అయితే ఇంకా ముందే పట్టుకోవచ్చు, అందులో మీ ప్రతిభ లేదు.

2. నొప్పి లేనిదే నమ్మకండి

క్లమీడియా పట్టిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ బాధా తెలియదు. మగవాళ్లలోనూ చాలామందికి అంతే. కొంచెం మూత్రం ఇస్తే చాలు, అందులో క్రిమి జన్యువు ఉందో లేదో పట్టేసే పరీక్షలు వచ్చాయి. ఆడవాళ్లు నమూనా తామే తీసి ఇచ్చుకోవచ్చు, ఎవరి ముందూ పడుకోనక్కర లేదు. దాంతో మనకున్న మంచి సాకు ఒకటి పోయింది. కంగారు పడకండి, "బాగున్నోడు దవాఖానకు ఎందుకు పోతడు?" అన్న ప్రశ్న ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది. ఇంట్లో ఆమె తెల్లబట్ట అవుతోందని అంటే "అందరాడోళ్లకు ఉండేదే" అనండి. పొత్తికడుపు నొప్పి అంటే గ్యాస్ గోలీ తెచ్చివ్వండి. లోపల గొట్టాలు మూసుకుపోయి పిల్లలు కాకపోతే గూడెం గుట్ట మీద సత్యనారాయణస్వామి వ్రతం చేయించండి. లోపం ఆమెలోనే ఉందని ఊరంతా తేల్చేదాకా ఓపిక పట్టండి.

3. మందుల దుకాణంలో దోస్తు కోసం అడగండి

దుకాణం ముందు గిరాకీ తగ్గేదాకా కరెంటు స్తంభానికి ఆనుకుని ఫోను చూస్తూ నిలబడండి. ఖాళీ అయ్యాక పక్కకు తిరిగి, షాపు బోర్డు చదువుతున్నట్టు ముఖం పెట్టి మొదలుపెట్టండి.

"అన్నా, మా దోస్తుకు జర మంటగుందట."

"ఎక్కడ మంట తమ్మీ?"

"గదే... ఒంటికి పోతే."

"దోస్తు ఏజు ఎంత?"

"నా అంతనే ఉంటడు."

రెండు గోలీలు ఇస్తాడు. ఒకటి మింగండి. మంట తగ్గితే రెండోది దాచుకోండి, వచ్చే సారికి పనికొస్తుంది.

ఇది డబ్బు పొదుపు చేయడానికే అనుకునేరు. ఇందులో చరిత్ర ఉంది. గనేరియా క్రిమిని మొదట సల్ఫా మందులు చంపేవి, అది వాటికి అలవాటు పడింది. పెన్సిలిన్ వచ్చింది, దానికీ అలవాటు పడింది. తర్వాత టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్. మందు పూర్తిగా వాడనివాళ్లూ, అవసరం లేకుండా మింగినవాళ్లూ దానికి తరతరాలుగా తాలీము ఇచ్చారు. ఇప్పుడు చాలా దేశాల్లో సెఫ్ట్రియాక్సోన్ సూది ఒక్కటే గట్టిగా మిగిలింది, అది కూడా అక్కడక్కడా తప్పుతోంది. ఏ మందుకు క్రిమి చస్తోంది, ఏ మందుకు చావడం లేదు అని హైదరాబాదు ఉస్మానియా మెడికల్ కాలేజీలోని ప్రాంతీయ కేంద్రం లాంటి చోట్ల గిన్నెల్లో పెంచి చూస్తుంటారు. ఆ గిన్నెలోకి లక్సెట్టిపేట తరఫున ఒక మొండి రకాన్ని పంపే అవకాశం మీకుంది.

త్వరపడాలి కూడా. దశాబ్దాల తర్వాత గనేరియాకు పూర్తిగా కొత్త తరహా నోటి మందులు రెండు వచ్చాయి: జోలిఫ్లోడాసిన్, జెపోటిడాసిన్. మొదటిది నీళ్లలో కలుపుకుని ఒక్కసారి తాగే పొడి. దాని చివరి దశ పరీక్షల ఫలితాలు 2023లో బయటికొచ్చాయి, 2025 డిసెంబరులో రెండింటికీ గనేరియా కోసం అమెరికా అనుమతి దొరికింది. వీటిని జాగ్రత్తగా వాడాలని పరిశోధకులు ఇప్పటి నుంచే మొత్తుకుంటున్నారు. మన బస్టాండు పక్కకు వచ్చిన రోజున దోస్తు కోసం సగం పొట్లం కొనండి.

4. సూదంటే భయమని చెప్పండి

ఇది నిజమైన సాకు, అబద్ధం ఆడాల్సిన పని లేదు. తొలి దశలో ఉన్న సవాయికి బెంజతైన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిర్రల్లో ఒకే విడత. జబ్బు ముదిరి ఎన్నేళ్లయిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. చిక్కటి మందు, నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది. ఆ నొప్పి రెండు రోజులది, జబ్బు ముప్పయ్యేళ్లది. అయినా సూది వద్దు, గోలీ చాలని పట్టుబట్టండి. ఎందుకంటే, ఎనభై ఏళ్లు దాటినా సవాయి క్రిమి పెన్సిలిన్‌కు లొంగకపోవడం నేర్చుకోలేదు. అజిత్రోమైసిన్‌కు మాత్రం చాలాచోట్ల నేర్చేసుకుంది. అడగవలసింది ఏదో అర్థమైంది కదా. పెన్సిలిన్ పడనివాళ్లకు డాక్సీసైక్లిన్ ఉందని డాక్టరు చెబితే, అది రెండు వారాల పాటు రోజూ వేసుకోవాలి కాబట్టి మూడో రోజే మరిచిపోండి.

5. లాడ్జి డాక్టరును ఆదరించండి

బస్టాండు గోడ మీద, రైలు పెట్టె తలుపు వెనక, మూత్రశాలలో కళ్లకు ఎదురుగా ఉండే కాగితం చదవండి. గుప్త రోగాలు, గ్యారంటీ వైద్యం, ఫలానా ఊరి ఫలానా లాడ్జి, నెలలో ఫలానా తారీఖు. ఈయన రక్తం తీయడు, మూత్రం అడగడు. నాడి పట్టుకుని చిన్నప్పటి అలవాట్లన్నీ చెప్పేస్తాడు, ఎందుకంటే అవి అందరికీ ఒకటే. కోర్సుకు నలభై రోజులు, అందులో సగం పథ్యం. మీ దగ్గర ఎంత ఉందో చెప్పకముందే ఆయనకు తెలుసు. పత్తి అమ్మిన వారంలో వెళ్తే ఇంకా బాగా తెలుసు.

అదే సమయంలో సర్కారు పెద్ద దవాఖానల్లో సురక్ష క్లినిక్ అని ఒకటి పెట్టి, లక్షణాన్ని బట్టి మందుల పెట్టెలు ఉత్తగనే ఇస్తుంటారు. బూడిద రంగు, ఆకుపచ్చ, తెలుపు, నీలం, ఎరుపు, పసుపు, నలుపు. ఏడు రంగులు, ఏడు పెట్టెలు. ల్యాబు లేని చోట కూడా ఆ రోజే వైద్యం మొదలుకావాలని చేసిన ఏర్పాటు. ఉత్త మందు పనిచేయదని ఒక్క మాట అని ముందుకు సాగండి. అప్పు తెచ్చి కొన్నదే ఒంటికి పడుతుంది.

6. ఇంట్లో ఆమెకు చెప్పకండి

ఒకవేళ బుద్ధి పాడై దవాఖానకు వెళ్లారనుకుందాం. మందు పనిచేసి, జబ్బు పోయిందనే అనుకుందాం. మీ శ్రమ అంతా మట్టిలో కలిసినట్టేనా? కాదు. మీ దగ్గర నుంచి ఆమెకు వెళ్లిన వాటా అలాగే ఉంది. ఆమెకు వైద్యం జరగనంత కాలం మీ జబ్బు పుట్టింట్లో ఉన్నట్టే, ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు.

దవాఖానలో కౌన్సెలరు ఆమె కోసం ఒక చీటీ ఇస్తుంది. ఇద్దరూ ఒకేసారి మందు వాడాలనీ, వారం పాటు దూరంగా ఉండాలనీ చెబుతుంది. చీటీని చొక్కా జేబులోనే ఉంచి ఉతకడానికి వేయండి. ఆమె అడుగుతుంది.

"గీ గోలీలు ఎందుకు వేసుకుంటున్నవ్?"

"నడుము నొస్తుంది."

"నాకూ నొస్తుంది, నాకొకటియ్యరాదు?"

ఇక్కడ చాలామంది తడబడతారు. ఇవ్వకపోతే అనుమానం, ఇస్తే వైద్యం. "డ్యూటీ చేసేటోళ్లకే పనిచేస్తయ్" అని తేల్చేయండి. పొద్దున లేచినప్పటి నుంచి పొలంలో ఆమె చేసేది డ్యూటీ కాదు కాబట్టి మాటకు మాట సరిపోతుంది.

7. ఆమె కడుపుతో ఉంటే ఇంకా జాగ్రత్త

ఆశ కార్యకర్త ఇంటికి వస్తుంది. గర్భిణికి హెచ్‌ఐవీ, సవాయి పరీక్షలు రెండూ చేయించమంటుంది. రెండింటినీ ఒకే పట్టీ మీద, వేలి నుంచి తీసిన బొట్టు రక్తంతో, చాయ్ తాగే వ్యవధిలో చెప్పే కిట్లు కూడా ఉన్నాయి. సవాయి అని తేలి, తల్లికి సరైన సమయంలో పెన్సిలిన్ పడితే బిడ్డను కాపాడవచ్చు. పడకపోతే కడుపులోనే పోవచ్చు, పుట్టి పోవచ్చు, ఎముకల్లోనో కళ్లలోనో చెవుల్లోనో జబ్బుతో మిగలవచ్చు. తల్లి నుంచి బిడ్డకు ఈ రెండు జబ్బులూ పోకుండా ఆపిన తొలి దేశంగా 2015లో క్యూబా గుర్తింపు పొందింది. 2016లో థాయిలాండ్, 2019లో మన పక్కనున్న శ్రీలంక. వాళ్ల దగ్గర ఉన్నవి ఈ పట్టీ, ఈ సూదే.

కాబట్టి మొదటి మూడు నెలలూ విషయం ఎవరికీ చెప్పొద్దని, దిష్టి తగులుతుందని అత్తగారితో అనిపించండి. తర్వాత పుట్టింటికి పంపండి, అక్కడి దవాఖాన వాళ్లు ఇక్కడ అయిందనుకుంటారు, ఇక్కడివాళ్లు అక్కడ అయిందనుకుంటారు. ఒకవేళ పరీక్ష జరిగి, ఏదైనా బయటపడి, భర్తను కూడా తీసుకురమ్మంటే వెళ్లకండి. "దానికే ఉంది, నాకేం లేదు" అనండి. పరీక్ష చేయించుకోనివాడికి ఏ జబ్బూ ఉన్నట్టు రుజువు కాదు. నలుగురు పెద్దమనుషుల్లో ముగ్గురు మీ వైపే ఉంటారు, వాళ్లు కూడా పరీక్ష చేయించుకోలేదు.

8. కొత్త పరిశోధనను సగమే వినండి

పూర్తిగా వింటే ఉపయోగపడే ప్రమాదం ఉంది. మచ్చుకు డాక్సీసైక్లిన్ సంగతి. ఈ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ల్యాబులో వచ్చింది. కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్, అక్కడ పరిశోధన విభాగాన్ని నడిపినవాడు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. డాక్సీసైక్లిన్ దానికి వరసకు చిన్న తమ్ముడు. శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ నగరాల్లో మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్ల మీద, ట్రాన్స్ మహిళల మీద చేసిన పరిశోధన 2023లో వెలువడింది. కండోమ్ లేకుండా కలిసిన 72 గంటల్లోపు 200 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో సుఖరోగాలు దాదాపు మూడింట రెండొంతులు తగ్గాయి. 2024 జూన్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ అలాంటివాళ్లకు డాక్టరు సలహాతో దీన్ని వాడవచ్చని మార్గదర్శకాలిచ్చింది. గనేరియా మీద దీని బలం తక్కువ, హెచ్‌ఐవీ మీద అసలు లేదు.

ఇందులో మీరు వినవలసింది "గోలీ ఉందట" అన్నంత వరకే. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నవి వదిలేయండి. శనివారం సాయంత్రం కల్లు మండువకు పోయే ముందే ఒకటి వేసుకుని, ఇక నాకు అన్నీ మాఫీ అనుకోండి.

కెన్యా నుంచి ఇంకో పాఠం ఉంది. కిసుములో 449 మంది యువతుల మీద ఇదే మందు పరీక్షించారు. పనిచేయలేదు. ఎందుకో తెలుసుకోవడానికి వెంట్రుకలు తీసి చూస్తే, నూటికి 29 నమూనాల్లోనే మందు ఆనవాలు దొరికింది. వేసుకుంటున్నామని చెప్పినవాళ్లు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. గోలీలు ఇంట్లో కనబడితే ఏమంటారోనని ఆడవాళ్లు దాచుకోవలసి వచ్చే చోట మందు డబ్బాలోనే ఉండిపోతుంది, అది మనకు కొత్త విషయం కాదు. మీరు నేర్చుకోవలసింది ఇదే: గోలీలు మింగానని చెప్పి పారేయాలనుకుంటే ముందు గుండు చేయించుకోండి. మనకు ధర్మపురి దగ్గరే, గోదావరి దాటితే చాలు, ఎవరూ కారణం అడగరు.

9. రేపటి మందు కోసం ఈ రోజు ఆగండి

సోమరికి దీనికి మించిన చిట్కా లేదు. లెనకాపవిర్ అని ఆరు నెలలకొకసారి వేసుకునే సూది వచ్చింది. ఆఫ్రికాలో జరిగిన పరిశోధనలో అది వేసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. 2025 జూన్‌లో అమెరికా అనుమతించింది, జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అమెరికాలో ఏడాదికి వేల డాలర్ల ధర. దాన్నే 2027 నుంచి ఏడాదికి 40 డాలర్ల చొప్పున పేద, మధ్యాదాయ దేశాలకు ఇస్తామని 2025 సెప్టెంబరులో రెండు కంపెనీలు ముందుకొచ్చాయి. డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ హైదరాబాదువే.

మనోళ్లే చేస్తున్నారు కాబట్టి మీకు తొందరేముంది? "గా సూది వచ్చినంక జూద్దాం" అనండి. అప్పటిదాకా కండోమ్ వాడటం దానికి అవమానం. నిరోధ్ 1968 నుంచి దేశంలో దొరుకుతోంది. దవాఖాన గోడకు తగిలించిన డబ్బాలోంచి ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చు. అంత పాత వస్తువు, అంత తేలికగా దొరికేది, మీ స్థాయికి తగదు. సూది వచ్చాక కూడా అది హెచ్‌ఐవీని మాత్రమే ఆపుతుందని, సవాయి గనేరియాలను ఆపదని ఎవరో గుర్తు చేస్తారు. అప్పుడు వాటికి కూడా సూది వచ్చేదాకా ఆగండి.

10. పరీక్ష మరునాడే చేయించుకోండి

పరీక్ష తప్పించుకోలేనప్పుడు ఇది పనికొస్తుంది. ఆదివారం రాత్రి తప్పు చేసి సోమవారం పొద్దున్నే ల్యాబుకు పోండి. హెచ్‌ఐవీ రక్తంలో కనిపించడానికి వారాలు పడుతుంది, కొన్ని పరీక్షలకు మూడు నెలల దాకా. ఏమీ లేదని కాగితం వస్తుంది. లామినేషన్ చేయించండి, అయిదేళ్లు చూపించుకోవచ్చు.

నిజంగా ప్రమాదం జరిగిందనిపిస్తే 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయి. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిదంటారు. మొదటి రోజు దేవుడికి మొక్కుకోండి, రెండో రోజు ఇంటర్నెట్‌లో చూడండి, మూడో రోజు పెళ్లి ఉంటుంది. నాలుగో రోజు పొద్దున దవాఖానకు బయలుదేరండి.

11. గల్ఫు మెడికల్‌ను నమ్ముకోండి

దుబాయికో కువైట్‌కో పోయేటప్పుడు చేసే మెడికల్‌లో హెచ్‌ఐవీ, కామెర్ల రకాలు రెండు, సవాయి అన్నీ చూస్తారు. మన జన్నారం, దండేపల్లి, జగిత్యాల మనుషుల్లో ఎంతోమందికి సొంత రక్తం గురించి మొదటిసారి తెలిసేది అక్కడే, అదీ అన్‌ఫిట్ అనే ఒక్క మాటలో. ఎందుకు అన్‌ఫిట్ అని అడగకండి. అడిగితే ఫలానా జబ్బని, దానికి మందుందని చెప్పగలరు. ఏజెంటును అడగండి. ఇంకో ఊళ్లో, ఇంకో సెంటరులో, ఇంకొన్ని వేలు పెడితే చూద్దామంటాడు. వీసాకు కట్టిన అప్పు మీద మిత్తి పెరుగుతుంటే, ఒంట్లో క్రిమి కూడా పెరుగుతుంటుంది. ఊళ్లో మాత్రం ఎక్స్‌రేలో మచ్చ వచ్చిందని చెప్పండి, ఊపిరితిత్తికి పరువు నష్టం లేదు.

12. రహస్యం కోసం దూరం పోండి

మీ ఊరి దవాఖానలో అందరూ తెలిసినవాళ్లే. కరీంనగర్ పోండి, అక్కడా తెలిసినవాళ్లుంటే హైదరాబాదు పోండి. జూబ్లీ బస్టాండులో దిగగానే మీ బావ కనిపిస్తాడు, ఎందుకొచ్చావంటాడు. పంటి నొప్పి అనండి. మంచి పంటి డాక్టరు తనకు తెలుసని వెంట వస్తాడు. ఆ రోజు ఒక మంచి పన్ను పోతుంది, జబ్బు ఉంటుంది.

ఇంటి నుంచే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉత్తగనే ఫోను చేసి పేరు చెప్పకుండా అడగవచ్చు. హెచ్‌ఐవీ విషయం మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదనీ, దాని పేరు మీద ఉద్యోగంలోనో చదువులోనో వైద్యంలోనో వివక్ష చూపకూడదనీ 2017లో చట్టమే చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమలులో ఉంది. చట్టం మీ రహస్యం కాపాడుతానంటోంది. అయినా లాడ్జి మేనేజరును, ఆటో డ్రైవరును, కల్లు మండువలో పక్కన కూచున్నవాణ్ణి నమ్మండి, వాళ్లకు చెప్పండి.

13. పరిశోధకులకు ప్రత్యేకం

రోగులు ఒక్కరే పాడుచేస్తే సరిపోదు, చదువుకున్నవాళ్లు కూడా చేయి వేయాలి. నమూనా దూరం లేదు. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చే ప్రాజెక్టు మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమయ్యే, కలయికతో అంటుకునే వైరస్‌కు అది టీకా. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మందికి ఇచ్చాయి. చాలామంది హాస్టలు పిల్లలు. తల్లిదండ్రుల దగ్గరకు పోయి, వాళ్ల భాషలో చెప్పి, ఒప్పించడం శ్రమ అనుకున్నారేమో, ఎన్నో అంగీకార పత్రాల మీద వార్డెన్లు సంతకం చేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది. కానీ సంతకాల తీరు చూసిన జనం ఆ మాట ఎందుకు నమ్ముతారు? 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఏకిపారేసింది. మంచి టీకా మీద ఇన్నేళ్ల భయం నాటడానికి ఒక్క పెన్ను సరిపోయింది. అనుమతి పత్రం నింపేటప్పుడు ఈ పొదుపును గుర్తుంచుకోండి.

ఒక్క హెచ్చరిక. ఎంత పాడుచేసినా సైన్సులో ఒక్కోసారి మంచి తన్నుకొస్తుంది. ఆ గొడవ వల్ల దేశంలో అప్పుడు జరుగుతున్న ఇంకో హెచ్‌పీవీ టీకా పరిశోధన కూడా మధ్యలో ఆగి, వేలమంది ఆడపిల్లలకు ఒక్క డోసే పడింది. వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే ఆ ఒక్క డోసే బాగా కాపాడుతోందని బయటపడింది. ఇప్పుడు ప్రపంచమంతా ఒక్క డోసు వైపు చూడటానికి ఆ పిల్లలూ ఒక కారణం. ఇలాంటి పొరపాట్లు జరగకుండా, పాడుచేశాక లెక్కలు రాయడం మానేయండి.

14. పక్కవాణ్ణి కూడా చూసుకోండి

మీ ఒక్కరి దగ్గర ఎంత ఉంటే ఏం లాభం, ఊళ్లో ఎవడో ఒకడు తెలివి తెచ్చుకుని దవాఖానకు బయలుదేరతాడు. ఆపకండి, ఆపితే మొండికేస్తాడు. తోడు వస్తానని చెప్పి ఆలస్యంగా రండి. బండిలో పెట్రోలు లేదని బంకు దగ్గర కాసేపు ఉండండి. దారిలో ఎవరు పలకరించినా "దవాఖానకు పోతున్నం" అని గట్టిగా చెప్పండి, ఎందుకో అతను చెప్పుకుంటాడు. గేటు దాకా చేరాక, లోపల తెలిసిన నర్సు ఉందేమో చూసొస్తానని అతన్ని చాయ్ హోటలు బల్ల మీద కూర్చోబెట్టండి. ఓపీ చీటీలు మధ్యాహ్నం దాకానే రాస్తారు. రెండో చాయ్ డబ్బులు మీరే ఇవ్వండి.